వరదలో నానిన పాత మిద్దె: పడగొట్టాలా, నిలబెట్టుకోవాలా?

కోవూరు మనవడు:
2021 నవంబరులో సోమశిల డ్యాం నుంచి 5 లక్షల క్యూసెక్కులకు పైగా వదిలినప్పుడు పెన్న మా ఇంట్లోకొచ్చింది. తాత కట్టించిన సున్నపు మిద్దెలో నడుంలోతు నీళ్ళు. మరుసటేడు పాత గచ్చు గీకించి నడుం దాకా సిమెంటు పూయించాం. ఇప్పుడు సిమెంటు గట్టిగానే ఉండాది. దాని పైన జానెడు మేర సున్నం పొంగి పెచ్చులూడుతుండాది. వేలితో తోస్తే ఇటుక పిండిలా రాలుతోంది. బాబాయిలు పడగొట్టి స్లాబు వేద్దామంటుండారు. మీరేమంటారు?

పెన్నగట్టు పెద్దాయన:
పడగొట్టబాకండి నాయనా. తప్పు మిద్దెది కాదు, సిమెంటుది. సున్నంతో కట్టిన గోడ తాగిన నీళ్ళను పైపూత గుండానే బయటికి వదులుతుంది. దాన్ని సిమెంటుతో కప్పేస్తే తేమకు దారి మూసుకుపోయి పైకి ఎక్కుద్ది. ఎక్కేది వట్టి నీళ్ళు కాదు, ఉప్పు కూడా. తడి ఆరిన చోట ఆ ఉప్పు గడ్డకట్టి ఇటుకను లోపల్నుంచి పొడి చేస్తుంది. మీ జానెడు అదే. సిమెంటు చెక్కించి, కిటికీలు తెరిచి, గోడను ఊరికే వదిలేయండి. అంగుళం మందానికి నెల లెక్కేసుకోండి. ఆ తర్వాతే సున్నం. (నాలుగెండలు కాయగానే రంగులేయించినోళ్ళని చానామందిని చూశా.)

స్లాబే మేలు:
చెప్పడానికి బాగుంది పెద్దాయనా. గానుగ సున్నం పని తెలిసిన మేస్త్రి ఏడుండాడు? మాకొకాయన దొరికాడు. సున్నంలో కలపాలని కరక్కాయ నీళ్ళు, బెల్లం అంటూ నెల తిప్పి అడ్వాన్సుతో మాయమయ్యాడు. పైగా పెన్న మళ్ళీ రాదా? ఎత్తు పునాది మీద స్లాబుంటే పిల్లలు నిద్రన్నా పోతారు.

పెన్నగట్టు పెద్దాయన:
ఎత్తు మాట ఒప్పుకుంటా. దానికి జవాబు లేదు. మేస్త్రి కోసం మాత్రం పాత గుళ్ళ మరమ్మతులు చేసేవాళ్ళని అడగండి. ఈ పనికి కరక్కాయ, బెల్లం లేకపోయినా నడుస్తుంది. మంచి సున్నం, ఇసుక చాలు.

జొన్నవాడ కోడలు:
గోడలు సరే, ఇంట్లో సామాను మాటేంది? నీళ్ళు దిగగానే మా జేజి భోషాణాన్ని మిట్టమధ్యాహ్నపు ఎండలో పెట్టాం. సాయంత్రానికి పలకలు నెర్రెలిచ్చాయి. నీడన, గాలికి ఆరబెట్టాల్సిందంట. ఆమె పెళ్ళి ఫోటో అద్దానికి అతుక్కుపోతే మా ఆయన గోరుతో లాగాడు. తాత మొహం అద్దానికే ఉండిపోయింది. అట్లా ఎండి అతుక్కున్న ఫోటోను లాగకుండా, అద్దం మీదుగానే ఇంకో ఫోటో తీయించుకోవాలంట.

కోవూరు మనవడు:
ముందు పడమటి గోడ ఒక్కటీ చెక్కించి చూస్తా. వచ్చే సంక్రాంతి దాకా బాబాయిలు గడువిచ్చారు. అక్కా, మా ఫోటోలు ఇంకా అద్దాల్లోనే ఉండాయి. ముట్టుకోను.