మాగ్నెటిక్ బీడ్ ఎగిరిపడితే తప్పెవరిది?

ఆమదాలవలస అటెండర్: నమస్కారం. డిగ్రీ కాలేజీ కెమిస్ట్రీ ల్యాబ్‌లో అటెండర్ని. హాట్ ప్లేట్ మీద 500 మి.లీ. బీకరు పెట్టి స్టిర్రర్ నాబ్ సగం దాటిస్తే చాలు, లోపల ద్రావణాన్ని కలిపే చిన్న అయస్కాంతపు బీడ్ టకటకా కొట్టుకుని ఓ పక్కకు పోతోంది. నిన్న అదే గొడవలో బీకరు అడుగు చిట్లింది. నాబ్ ఒక్కసారిగా తిప్పేశానని మేడమ్ అంటారు. బీడ్ పాడైందని నేనంటాను. మీరేమంటారు?

పైడిభీమవరం క్యూసీ: మేడమ్‌దే కరెక్టు తమ్ముడూ. లోపల మోటారు మీద అయస్కాంతం తిరుగుతుంటే దాని వెంట బీడ్ తిరగాలి. వేగం ఒకేసారి పెంచితే అందుకోలేక తప్పిపోతుంది. సున్నాకి తెచ్చి, బీడ్ మధ్యలో కుదురుకున్నాక మెల్లగా పెంచు. పన్నెండేళ్లుగా మందుల కంపెనీ క్యూసీలో, అంటే నాణ్యత పరీక్షల్లో, నా పని ఇదే.

నాగావళి రిపేర్లు: వోల్టేజీ ఎంతుందో ముందు చూశారా? 230కి చేసిన 500 వాట్ల కాయిల్ 180 దగ్గర 300 వాట్లు మాత్రమే ఇస్తుంది. ఎండాకాలం మన ఊళ్లలో సగం హాట్ ప్లేట్లకు జబ్బు ఇదే.

కోటబొమ్మాళి కుర్రాడు: ఆయనకు దోమ కుట్టినా వోల్టేజీయే కారణం.

నాగావళి రిపేర్లు: నవ్వండి. స్టెబిలైజర్ కొనమన్నందుకు ఒక కాలేజీ నా బిల్లు ఎనిమిది నెలలు తొక్కిపెట్టింది.

చీపురుపల్లి లెక్చరర్: అడిగింది వేడి గురించి కాదండీ. బీడ్ లోపల నియోడిమియం అయస్కాంతం ఉంటే, మామూలు రకం 80 డిగ్రీలు దాటితే బలం కోల్పోతుంది. ఆల్నికో రకం అయస్కాంతమైతే అంత త్వరగా పోదు. ఖాళీ ప్లేట్ మీద బీడ్ వదిలేసి వేడి పెట్టారేమో. ఇంకో బీడ్ వేసి చూడండి, తేలిపోతుంది.

పైడిభీమవరం క్యూసీ: మేడమ్, అయస్కాంతం సరే. నాబ్ ఎలా తిప్పాడన్నదానికి జవాబేది?

చీపురుపల్లి లెక్చరర్: నాబ్, నాబ్! మా ల్యాబ్‌లో అటెండర్లు నాబ్ తిప్పే పద్ధతి నేను నేర్పుతాను. మీ కంపెనీలో నేర్పరా?

పైడిభీమవరం క్యూసీ: నేర్పుతాం. వినకపోతే రాసి పెడతాం. అసలు బీడ్ కొట్టుకున్నంత మాత్రాన బీకరు చిట్లడం అరుదు. తమ్ముడూ, నిజం చెప్పు, వేడి బీకరు తీసి ఎక్కడ పెట్టావు?

ఆమదాలవలస అటెండర్: తడి బండ మీద. "ముందు దించు, దించు" అని మా మేడమ్ అరిచారు. పక్కన ఆస్బెస్టాస్ గుడ్డ కూడా లేదు. అది చెప్తే ఎవరు వింటారు?

పైడిభీమవరం క్యూసీ: అదీ సంగతి.

చీపురుపల్లి లెక్చరర్: వేడిని తట్టుకునే బోరోసిలికేట్ గాజైనా తడి బండ మీద పెడితే చిట్లొచ్చు. మామూలు సోడా గాజైతే వేడికి దానికంటే మూడింతలు వ్యాకోచిస్తుంది. మీది ఏ రకం?

ఆమదాలవలస అటెండర్: తెలీదు, దాని మీద ఏమీ రాసి లేదు. అసలు నా గోల అది కాదండీ. ఆ బీకరు డబ్బు ఈ నెల జీతంలో కోస్తామన్నారు. నా తప్పయితే కోసుకోండి, కానీ తప్పెవరిదో తేల్చకుండానే కోస్తున్నారు.

పైడిభీమవరం క్యూసీ: ఇది మొదటి రోజే చెబితే ఇంత చర్చ ఉండేదా!

నాగావళి రిపేర్లు: ఇప్పటికైనా అర్థమైందా, బిల్లులూ జీతాలూ ఒకే చోట ఆగుతాయి.

చీపురుపల్లి లెక్చరర్: తీసేస్తామన్నది నోటిమాటేనా, కాగితం ఇచ్చారా? కాగితం అడగండి.

ఆమదాలవలస అటెండర్: కొత్త బీడ్ వేశాను మేడమ్. అదీ ఎగిరింది. అదే డబ్బాలో వచ్చిన ఇంకో బీకరు బల్ల మీద పెట్టి వేలితో తట్టాను. అడుగు సమంగా లేదు, బొంగరంలా ఊగింది. మళ్లీ ప్లేట్ మీద చదునైన అడుగున్న కోనికల్ ఫ్లాస్కు పెట్టి, నాబ్ మెల్లగా తిప్పితే పాత బీడ్ కూడా చక్కగా తిరిగింది.

పైడిభీమవరం క్యూసీ: మెల్లగా తిప్పావు కదా. అదే నేనన్నది.