1951 కొపా రియో: పాల్మెయిరాస్‌ని ప్రపంచ ఛాంపియన్ అనాలా, వద్దా?

మరకానా_మెట్లు:
బ్రెజిల్ ఫుట్‌బాల్ క్లబ్ పాల్మెయిరాస్ ఎక్కడ ఆడినా అవతలి అభిమానులు ఎత్తుకునే పాట ఒకటుంది, "పాల్మెయిరాస్‌కి ముండియల్ లేదు" అని. ముండియల్ అంటే ప్రపంచ టైటిల్. ఆ పాట తప్పని నా గట్టి నమ్మకం. 1951లో జూన్ చివర మొదలై జూలై 22 దాకా బ్రెజిల్‌లో కొపా రియో అనే క్లబ్బుల టోర్నీ జరిగింది, గెలిచింది పాల్మెయిరాస్. రియోలో వాస్కో డ గామా, ఆస్ట్రియా వియన్నా, నాసియొనాల్, స్పోర్టింగ్ ఒక గ్రూపు. సావో పౌలోలో పాల్మెయిరాస్, యువెంటస్, రెడ్ స్టార్ బెల్‌గ్రేడ్, నీస్ ఇంకో గ్రూపు. ఏడు దేశాల నుంచి ఎనిమిది క్లబ్బులు. యూరప్ క్లబ్బుల పెద్ద పోటీ యూరోపియన్ కప్పే 1955లో గానీ పుట్టలేదు, మరి 1951లో క్లబ్బులకి ఇంతకంటే పెద్ద పోటీ ఎక్కడుందో ఎవరైనా చెప్పండి.

నాలుగో_రిఫరీ:
అన్నా, పెద్ద పోటీ కావడం వేరు, ప్రపంచ ఛాంపియన్ కావడం వేరు. ఇది ఆహ్వానాల మీద నడిచిన టోర్నీ. ఆ ఏడాది ఇటలీ లీగ్ గెలిచింది మిలాన్, ఇంగ్లండ్‌లో టాటెన్‌హామ్. ఇద్దరూ రాలేదు. ఇటలీ తరఫున వచ్చిన యువెంటస్ ఆ సీజన్‌లో మూడో స్థానం. పైగా గ్రూపులో అదే యువెంటస్ చేతిలో పాల్మెయిరాస్ 4-0తో చిత్తయింది కదా.

మరకానా_మెట్లు:
చిత్తయింది, కాదనను. ఆ తర్వాత ఏం జరిగిందో కూడా చూడు తమ్ముడూ. గోల్‌కీపర్ ఒబెర్దాన్‌ని పక్కన పెట్టి ఫాబియోని దింపారు. సెమీస్‌లో ఎదురుపడింది వాస్కో, అంటే అంతకు ముందు ఏడాది బ్రెజిల్ జట్టుకి వెన్నెముక, బార్బోసా, అదెమీర్, దనీలో అందరూ ఆ క్లబ్బు వాళ్లే. 2-1, 0-0తో దాన్ని దాటారు. ఫైనల్లో మళ్లీ యువెంటసే, మొదటి మ్యాచ్ రోడ్రిగెస్ గోల్‌తో 1-0. రెండోది రియోలోని మరకానా స్టేడియంలో లక్ష మందికి పైగా జనం మధ్య. ప్రేస్ట్ గోల్‌తో యువెంటస్ ముందుకెళ్తే రోడ్రిగెస్ సమం చేశాడు, బోనిపెర్తి మళ్లీ ముందుకు తీసుకెళ్తే లిమీన్యా సమం చేశాడు. 2-2, కప్పు మనోళ్లది. అదే మైదానంలో 1950 జూలై 16న ప్రపంచ కప్‌లో ఉరుగ్వే చేతిలో ఓడి దేశమంతా ఏడ్చి అప్పటికి ఏడాదైంది, ఆ రోజు ఓడిన జట్టులో ఆడిన జాయిర్ ఈసారి పాల్మెయిరాస్ పచ్చ జెర్సీలో ఉన్నాడు. దీన్ని ఫ్రెండ్లీ లెక్కలో వేస్తే నాకు ఒళ్లు మండుతుంది.

దూరపు_తెలుగోడు:
నేను మూడేళ్లు సావో పౌలోలో పనిచేశాను. మా టీమ్‌లో ఒకాయన పర్సులో వాళ్ల తాత ఫొటో ఉండేది, అంచులు నలిగిపోయి, వెనకాల పెన్సిల్‌తో 1951 అని రాసి. ఎవరైనా ఆ పాట అందుకుంటే మాట్లాడకుండా ఆ ఫొటో తీసి టేబుల్ మీద పెట్టేవాడు. నాకు అప్పటిదాకా ఈ గొడవే తెలియదు.

నాలుగో_రిఫరీ:
అభిమానం అర్థమవుతుంది, కానీ రూల్ సంగతి? ఫిఫా 2014లో ఇది ప్రపంచ స్థాయిలో జరిగిన మొదటి క్లబ్ పోటీ అని, విజేత పాల్మెయిరాస్ అని ఒప్పుకుంది. బాగానే ఉంది. మళ్లీ 2017లో ప్రపంచ ఛాంపియన్లుగా గుర్తించిన జాబితా యూరప్, దక్షిణ అమెరికా ఛాంపియన్లు తలపడే ఇంటర్‌కాంటినెంటల్ కప్‌తో, 1960 నుంచి మొదలవుతుంది, అందులో 1951 లేదు. అర్హతకి ఒక దారి ఉండాలి, నిర్వాహకులు పిలిచిన వాళ్లు ఆడితే చాలదు.

మరకానా_మెట్లు:
ఆ జాబితాలోనే 1974 దగ్గర ఎవరున్నారో చూడు. అట్లెటికో మాడ్రిడ్! యూరప్ ఫైనల్లో బయర్న్ చేతిలో ఓడారు, బయర్న్ ఆడనంటే వీళ్లు వెళ్లి అర్జెంటీనా క్లబ్ ఇండిపెండియెంటేని ఓడించారు. యూరప్ కప్పు ఇప్పటిదాకా ఒక్కసారీ గెలవని క్లబ్ ప్రపంచ ఛాంపియన్ అట. 2000లో ఫిఫా క్లబ్ ప్రపంచ పోటీలో బ్రెజిల్ క్లబ్ కొరింథియన్స్, దక్షిణ అమెరికా కప్పు లిబెర్తదోరెస్ గెలవకుండానే ఆతిథ్య దేశం ఛాంపియన్‌గా ఆడి టైటిల్ పట్టుకుంది, దాన్నీ ఒప్పుకున్నారు. మిలాన్ రాకపోవడం ఒక్క 1951కే ఎందుకు మచ్చ కావాలి?

నాలుగో_రిఫరీ:
అట్లెటికో సంగతి నిజమే, దానికి నా దగ్గర జవాబు లేదు. కానీ 1951 ఇస్తే 1952 కొపా రియో గెలిచిన రియో క్లబ్ ఫ్లుమినెన్సేకీ ఇవ్వాలి. ఇస్తావా?

మరకానా_మెట్లు:
ఇస్తాను. ఉరుగ్వే నుంచి పెన్యరోల్ వచ్చింది, స్పోర్టింగ్, ఆస్ట్రియా వియన్నా మళ్లీ వచ్చాయి, ఫైనల్లో కొరింథియన్స్‌ని 2-0, 2-2తో కొట్టారు. ఆ ఏడాది జట్లు కాస్త పలచబడ్డాయంటే ఒప్పుకుంటా, అందుకే ముందు 1951 సంగతి తేల్చమంటున్నా.