వి-క్రాస్‌కి ఆల్ టెరైన్ (ఏటీ) టైర్లు: 265/60 చాలా, 265/65 కావాలా, అసలు అక్కర్లేదా?

మొరంరోడ్డు:
బండి ఇసుజు డీ-మ్యాక్స్ వి-క్రాస్ 4x4 పికప్, కంపెనీ సైజు 255/60 ఆర్18. ముప్పాతిక వంతు హైవే, మిగతాది మొరం రోడ్లు, క్వారీ దారులు, వానాకాలంలో పొలం బాటలు. బండిని ఎత్తు పెంచే లిఫ్ట్ కిట్ వేసే ఉద్దేశం లేదు. టైర్ల షాపులో 265/65 ఆర్18 ఎల్‌టీ (లైట్ ట్రక్ రకం, గట్టి టైర్) వేయమంటున్నారు. తెలిసినవాళ్లు తేల్చండి.

గుబ్బటైరు:
వేసెయ్యి బ్రదర్. క్వారీ దారిలో కావాల్సింది ఎత్తు. సైడ్‌వాల్ పెరిగితే రాయి దెబ్బ రిమ్ దాకా రాదు. పైగా బండి లుక్కే మారిపోద్ది.

కొలతలరావు:
లుక్ సరే, లెక్క చూద్దాం. 255 అంటే టైర్ వెడల్పు, మి.మీ.లో. అందులో 60 శాతం సైడ్‌వాల్, అంటే 153. రిమ్ 18 అంగుళాలు, 457. పైనా కిందా సైడ్‌వాల్ కలిపితే మొత్తం ఎత్తు 763 మి.మీ. ఇదే లెక్కన 265/60కి 775, 265/65కి 802. మొదటిది 1.6 శాతం పెద్దది, రెండోది 5 శాతం. నేల నుంచి బండి లేచేది ఆ తేడాలో సగమే: 6 మి.మీ., 19 మి.మీ.

ఆ 19 కోసం ప్రతి గేరూ 5 శాతం బరువెక్కుతుంది. ఓడోమీటర్ కూడా 5 శాతం తక్కువ తిరుగుతుంది, "ఏటీ వేస్తే మైలేజీ పడిపోయింది" అనేవాళ్ల గోలలో కొంత ఇదే. ఇక టైర్ బండికి ఒరుసుకోవడం. షాపులో జాక్ మీద ఎత్తి స్టీరింగ్ తిప్పి "చూడండి, ఎక్కడా తగల్లేదు" అంటారు. ఎత్తినప్పుడు సస్పెన్షన్ కిందికి వేలాడుతుంది కదా, ఎలా తగుల్తుంది? నిండా తిప్పి గుంతలో దింపితే అప్పుడు లోపలి ప్లాస్టిక్ లైనర్‌కో మడ్‌ఫ్లాప్‌కో గీసుకుంటుంది. లిఫ్ట్ లేని బండికి 265/60 దగ్గర ఆగడం మేలు. అదీ రిమ్ వెడల్పు చూసుకుని: 265/60కి 7.5 నుంచి 9.5 అంగుళాల రిమ్ ఉండాలి. రిమ్ మీద 7జే (7 అంగుళాల వెడల్పు) అని ఉంటే 255/60లోనే ఏటీ తీసుకోండి.

గుబ్బటైరు:
రావుగారూ, లైనర్ కాస్త కత్తిరిస్తే పోయేదానికి ఇంత లెక్కా? క్వారీ కంకర సైడ్‌వాల్‌ని కోస్తే ఆ టైర్ చెత్తబుట్టకే. ప్యాచ్ ట్రెడ్‌లోనే, అంటే నేలకి తగిలే భాగంలోనే, పనికొస్తుంది. అందుకే 10 ప్లై ఎల్‌టీ.

లోడ్‌ఇండెక్స్:
10 ప్లై అంటే లోపల పది పొరలు ఉన్నాయని కాదు అన్నా, పాత కాలం పది పొరల టైర్ అంత బలం అని రేటింగ్. సైడ్‌వాల్‌లో ఎన్ని పొరలో దాని మీదే అచ్చు వేసి ఉంటుంది, అది చదవాలి.

ఎల్‌టీతో అసలు తిరకాసు గాలి దగ్గర. మామూలు 265/60 ఆర్18 మీద లోడ్ ఇండెక్స్ (మోసే బరువు కోడ్) 110 అని ఉంటే ఒక్కో టైర్ మోసేది 1060 కిలోలు. ఎల్‌టీ మీద 119/116 ఉంటే మొదటి అంకె ప్రకారం 1360, కానీ అది 80 పీఎస్‌ఐ గాలి దగ్గర. డోర్ స్టిక్కర్ మీద ఉన్న గాలి అంకె చూసి ఎల్‌టీకీ అదే కొట్టిస్తే మోసే బరువు మామూలు టైర్ కంటే తగ్గుతుంది. నిండు లోడుతో, మే నెల ఎండలో, హైవే మీద సైడ్‌వాల్ అదేపనిగా మడత పడి వేడెక్కుతుంది. స్టిక్కర్ మీద 35 ఉంటే ఎల్‌టీకి 40 పైనే కావాలి. వెనక బాడీ ఖాళీగా ఉన్నప్పుడు ఆ గాలికి లీఫ్ స్ప్రింగులు నడుం విరగ్గొడతాయి. రోజూ క్వారీలోకి దిగే బండికి ఎల్‌టీ ఓకే, ముప్పాతిక హైవేకి మామూలు ఏటీ చాలు. ఏది కొన్నా లోడ్ ఇండెక్స్ కంపెనీ టైర్ కంటే తగ్గకూడదు.

తారుపక్షం:
నా ఓటు హెచ్‌టీకే (హైవే టెరైన్, తారు రోడ్డు టైర్). తడి తారు మీద బ్రేక్ కొడితే ఏటీ దాని కంటే ముందుకెళ్లి ఆగుతుంది. మొరం రోడ్డుకి హెచ్‌టీ చాలదని ఎవరన్నారు?

నల్లరేగడి:
మొరానికి చాలు, క్వారీకి చాలదు. అక్కడ ఏటీయే. పొలం బాట సంగతి వేరు. తడిసిన నల్లరేగడిలో ఏటీ గుబ్బల సందులన్నీ బంకమట్టితో పూడిపోతాయి, నాలుగు గజాలు పోయేసరికి టైర్ బోడిగుండు. ఆ మట్టిని విసిరేయాలంటే ఎంటీ (మడ్ టెరైన్, బురద టైర్) గుబ్బల మధ్య ఉన్నంత ఎడం కావాలి. గాలి తీస్తే కుదురుతుందని కొందరంటారు. ఇసుకలో 18-20 పీఎస్‌ఐకి దించితే టైర్ పరుచుకుని తేలుతుంది, నిజమే. బంకమట్టిలో అది పెద్దగా పనిచేయదు. రేగడి పొలమైతే ఆరేదాకా ఆగడమే. గాలి తీసిన చోటల్లా తారెక్కే ముందు మళ్లీ కొట్టాలి, కంప్రెసర్ బండిలోనే ఉండాలి.

మొరంరోడ్డు:
సరే, 265/65 మానేశా. రిమ్ చూశాక 265/60 మామూలు ఏటీ తీసుకుంటా. నాలుగే కొని పాత టైర్ స్టెప్నీగా ఉంచుకోవచ్చా?

కొలతలరావు:
1.6 శాతం తేడా కాబట్టి పంక్చర్ షాపు దాకా నడుస్తుంది, 4హెచ్ (నాలుగు చక్రాలకీ శక్తి వెళ్లే హై గేరు) మాత్రం వేయొద్దు. వి-క్రాస్‌లో 4హెచ్ వేస్తే ముందూ వెనకా ఒకే వేగంతో తిరగాలి, టైర్లు ఎక్కువతక్కువైతే ఆ ఒత్తిడంతా ముందుకీ వెనక్కీ శక్తి పంచే ట్రాన్స్‌ఫర్ కేస్ మీద పడుతుంది. అయిదూ కొని, 8,000 కి.మీ.కోసారి స్టెప్నీతో కలిపి మార్పిడి చేయిస్తే మంచిది. చేయించకపోతే ఏటీ గుబ్బలు రంపం పళ్లలా ఒకవైపే అరిగి హైవే మీద హోరు మొదలవుతుంది, ఆ తర్వాత అలైన్‌మెంట్ చేయించినా తగ్గదు. కొనేటప్పుడు సైడ్‌వాల్ మీద డాట్ కోడ్ చివరి నాలుగంకెలు అయిదింటికీ చూడండి. 3524 అంటే 2024లో 35వ వారం తయారీ.