బెర్లిన్ ఎయిర్‌లిఫ్ట్: ఉత్తర కారిడార్‌లో 3 నిమిషాల లెక్క ఎలా కుదిరింది?

1949 ఏప్రిల్ 15–16న, ‘ఈస్టర్ పరేడ్’ అని పేరుపడ్డ 24 గంటల్లో, సోవియట్ దిగ్బంధంలో ఉన్న పశ్చిమ బెర్లిన్‌కు 1,398 విమాన ప్రయాణాల్లో 12,941 టన్నులు చేరాయి. దాదాపు అంతా బొగ్గే. విమానానికి సగటు 9.3 టన్నులు, అమెరికన్ రవాణా విమానం సి-54 మోసేది సుమారు 10 టన్నులు కాబట్టి ఇంతవరకు పేచీ లేదు.

చిక్కల్లా విమానాల మధ్య ఎడంతోనే. ఎయిర్‌లిఫ్ట్‌లో పాటించిన ఎడం ప్రకారం 3 నిమిషాలకొకటి అంటే రోజుకు 480. పశ్చిమ బెర్లిన్ విమానాశ్రయాలు టెంపుల్‌హాఫ్, గాటో, టేగెల్ మూడింటికీ పంచితే ఒక్కోదానికి 466, అంటే రన్‌వే లెక్క సరిపోతుంది. కానీ బెర్లిన్‌కు ఉన్న మూడు కారిడార్లలో (విమానాలకు కేటాయించిన గగన మార్గాల్లో) మధ్యది ప్రధానంగా తిరుగు ప్రయాణానికి. లోపలికి వచ్చే దారులు రెండే: ఫ్రాంక్‌ఫర్ట్ వైపు దక్షిణ కారిడార్, హాంబర్గ్ వైపు ఉత్తర కారిడార్. సగం సగం అనుకున్నా దారికి సుమారు 2 నిమిషాలకో విమానం! పైగా ఉత్తరాన సెల్లె, ఫాస్‌బెర్గ్ స్థావరాల సి-54లతో పాటు వేరే వేగాల బ్రిటిష్ విమానాలూ ఉండేవి.

1948 ఆగస్టు 13న టెంపుల్‌హాఫ్‌పై విమానాలు గాల్లో చిక్కుకుపోయాక, ఎయిర్‌లిఫ్ట్‌ను నడిపిన జనరల్ టన్నర్ దిగడానికి రెండో ప్రయత్నాన్నే రద్దు చేశాడు: దిగడం తప్పితే సరుకుతో సహా వెనక్కే. కాబట్టి కొస దగ్గర సర్దుబాటుకు వీల్లేదు, బయల్దేరే చోటే సమయం కుదరాలి.

తెలిసినవారు చెప్పగలరా: ఉత్తరాన ఏ స్థావరానికి ఏ నిమిషాలు, ఏ ఎత్తు కేటాయించారు? గాటో, టేగెల్ వరుసలు విడిపోయింది ఏ బీకన్ (దారి చూపే రేడియో కేంద్రం) దగ్గర?