ఇల్లు వదిలి పోవాల్సొస్తే సంచిలో ఏం పెట్టుకుంటారు?

గ్రౌండ్‌ఫ్లోర్_గోపి (విజయవాడ)
అందరికీ నమస్కారం. మాది సింగ్‌నగర్. 2024 సెప్టెంబరు 1, ఆదివారం, బుడమేరు వాగు మా వీధిలోకి వచ్చిన రోజు నేనూ మా బావమరిదీ చేసిన ఘనకార్యంతో మొదలుపెడతా. నీళ్లు గుమ్మం మెట్టు దాకా వచ్చాయి. ఇద్దరం కలిసి 43 అంగుళాల టీవీని గోడ మీంచి ఊడదీసి, దుప్పటి చుట్టి, పై వాటా వాళ్లింట్లో పెట్టొచ్చాం. స్క్రూలు విప్పడానికే పావుగంట. కిందకి దిగేసరికి మోకాళ్ల లోతు.

ఇంటి దస్తావేజు, నా టెన్త్ మార్కుల లిస్టు, పాప బర్త్ సర్టిఫికెట్ ఉన్న ఫైలు చెక్క బీరువా కింది అరలో ఉంది. తాళంచెవి అమ్మ కొంగున ఉంది. అమ్మ పైన ఉంది. నేను పైకెళ్లి కిందకొచ్చేలోపు ఫ్రిజ్ తేలి అడ్డంగా వాలిపోయింది. దాని మీదే అమ్మ షుగరు మాత్రల డబ్బా ఉండేది. నీళ్లు తీశాక తిరిగొస్తే బీరువా తలుపులు ఉబ్బి బిగుసుకుపోయాయి, గునపంతో తీయాల్సొచ్చింది.

టీవీ మాత్రం ఇప్పటికీ బ్రహ్మాండంగా పనిచేస్తోంది. నేను దాన్ని పెట్టినప్పుడల్లా మా ఆవిడ టీవీ వైపు కాదు, నా వైపు చూస్తుంది.

ఈ వానాకాలానికి ముందే ఒక సంచి సర్ది ఉంచుదామని. నెట్లో లిస్టులు చూశా, ఒక్కోటి గృహప్రవేశం సామాన్ల చీటీలా ఉంది. నిజంగా ఇల్లు వదిలి వెళ్లినవాళ్లు చెప్పండి. ఏం పట్టుకెళ్లారు, అందులో ఏది అక్కరకొచ్చింది?

శబరిగట్టు
అన్నా, మాది కూనవరం వైపు. మాకు ఇది ఏటా ఉండే పనే. భద్రాచలం దగ్గర గోదారి 43 అడుగులకి వస్తే మొదటి హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. గోదారి పోటు మీదుంటే శబరి ముందుకి పోలేక మా మీదకి ఎగదన్నుతుంది. అందుకని మా నాన్న లెక్క వేరు. 43 అనగానే బియ్యం బస్తాలు, విత్తనాలు అటకెక్కుతాయి. 48 దాకా ఆగకుండా ట్రాక్టరు మాట్లాడేస్తాడు. ఆలస్యమైతే అదే ట్రాక్టరు కిరాయి రెండింతలు. మూడో హెచ్చరికప్పటికి మేం గుట్ట మీద ఉంటాం.

2022 జులై 16న 71.3 అడుగులు వచ్చింది. ఆ ఏడు అటక మీద పెట్టినవి కూడా పోయాయి. అటకంటే ఎంత ఎత్తో 1986 వరద చూసిన మా తాతకి తెలుసు, అప్పుడు 75.6. ఆయన "అటక మీదొద్దు, గుట్టకి చేర్చండిరా" అని నెత్తీ నోరూ కొట్టుకున్నాడు. మేం వినలే.

ఇంకోటి. పశువుల్ని తోలుకెళ్లలేకపోతే పలుపు విప్పేయండి. కట్టేసి మాత్రం పోవద్దు.

గ్రౌండ్‌ఫ్లోర్_గోపి
మీకు గోదారి రోజుల ముందు కబురు పంపుతుంది తమ్ముడూ. మాకు బుడమేరు టిఫిన్ టైముకి చెప్పకుండా వచ్చింది.

వేపగుంట_సుజాత
మాకు ఆ టైమూ లేదండి. 2020 మే 7, విశాఖలో ఎల్జీ పాలిమర్స్ గ్యాసు లీకైన రోజు, తెల్లవారుజామున మూడు దాటింది. ఆర్‌.ఆర్‌. వెంకటాపురంకి దగ్గర్లో అద్దెకుండేవాళ్లం. కళ్లు మంట, గొంతు పట్టేసింది, బయట అరుపులు. నేను నైటీ మీద, చెప్పుల్లేకుండా, పిల్లాణ్ని చంకనేసుకుని పరిగెత్తాను. మావారు బండి తాళాలకని వెనక్కెళ్లారు. తాళాలు దొరికాయి గానీ బండి దాకా రాలేదు, మెట్ల దగ్గరే పడిపోయారు. ఎదురింటి కుర్రాళ్లు ఈడ్చుకొచ్చారు. దేవుడి దయవల్ల ఇప్పుడు బాగున్నారు.

గ్యాసుకీ మంటలకీ సంచీ గించీ ఏం లేదు, తడిపిన తువ్వాలు ముక్కుకి, అంతే. సంచి గుమ్మం దాటే దారిలో చేతికి తగిలితే తీసుకోండి. లోపలి గదిలో ఉంటే అది లేనట్టే లెక్క. నేనిప్పుడు రాత్రి పడుకునేముందు చెప్పులు మంచం పక్కన పెట్టుకుంటాను. అత్తగారు అరిష్టం అంటారు. అననీయండి.

నైట్‌డ్యూటీ_నర్సు
వరద శిబిరంలో వారం రోజులు చేశాను. గోపి గారూ, మీ అమ్మగారి మాత్రల సంగతి చదవగానే రాయాలనిపించింది. శిబిరంలో పెద్దవాళ్లని "ఏం మందు వాడతారమ్మా" అంటే "తెల్లదమ్మా, చిన్నది, పొద్దున ఒకటి" అంటారు. బీపీ మాత్రా తెల్లదే, థైరాయిడ్ మాత్రా తెల్లదే. ఖాళీ అయిన స్ట్రిప్పు పారేయకుండా ఒక్కటి సంచిలో వేయండి, పేరూ మోతాదూ దాని మీదే ఉంటాయి. చీటీ ఫోటో కన్నా అదే నయం, డాక్టరు చేతిరాత మాకే అర్థం కాదు. వారానికి సరిపడా మాత్రలు పక్కన పెట్టి, నెలకోసారి కొత్తవి వేసి పాతవి వాడేయండి.

ఇన్సులిన్ వాడేవాళ్లు: కరెంటు పోయింది కదా అని తెచ్చిన ఐసుముక్కల్లో సీసాని ముంచేయొద్దు, గడ్డకడితే ఆ మందు ఇక పనికిరాదు. కొత్త మట్టికుండకి తడిగుడ్డ చుట్టి, సీసాని ప్లాస్టిక్ కవర్లో కట్టి లోపల పెడితే చల్లగా ఉంటుంది. వాడకం మొదలెట్టిన సీసా మామూలుగా నాలుగు వారాలు గది వేడిలో ఉన్నా ఫర్వాలేదు, మరీ ఎండ తగలకూడదంతే.

ఎవరూ రాయని వస్తువు ఒకటుంది. కట్టుడు పళ్లు. ఒక పెద్దాయన రాత్రి గ్లాసులో వేసుకుని పడుకున్నారు, ఆ గ్లాసు వరద నీళ్లలో కొట్టుకుపోయింది. శిబిరంలో పులిహోర పొట్లాలిస్తే పోపులో పల్లీలు ఏరి పక్కన పెట్టి, అన్నం వేళ్లతో మెదుపుకుని తినేవారు. కళ్లజోడు, వినికిడి మిషను కూడా అంతే. ఆడపిల్లలున్న ఇళ్లవాళ్లు ప్యాడ్లు పెట్టుకోండి, మగవాళ్లు సర్దే సంచుల్లో అవి ఉండవు.

పాలకొల్లు_పద్మ
బంగారం మాటెవరూ ఎత్తలేదేం? నేనైతే ముందు అదే.

ఉప్పల్_రవి
లాకర్ల పెట్టుకోరాదక్కా? ఇంట్ల పెట్టుకుని వానొచ్చినప్పుడల్లా గుండె పట్టుకునుడు ఎందుకు?

పాలకొల్లు_పద్మ
లాకరుకి ఏడాదికి కట్టే డబ్బు నువ్విస్తావా తమ్ముడూ? సరే, ఒంటి మీదున్నది ఒంటి మీదే, మిగతాది జాకెట్టులో. సంచిలో మాత్రం వద్దు. పడవలో సంచులన్నీ ఒకచోట పడేస్తారు.

దస్తావేజు_మామయ్య
గోపీ, ముప్పయ్యేళ్లు రిజిస్ట్రార్ ఆఫీసు ముందు బల్లేసుకు కూర్చున్నవాణ్ని, వినవయ్యా. దస్తావేజు తడిసిందని ఇల్లు పోదు. సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో పుస్తకంలో నకలు ఉంటుంది, సర్టిఫైడ్ కాపీ తీసుకోవచ్చు. దానికి కావల్సింది డాక్యుమెంటు నంబరు, సంవత్సరం, ఏ ఆఫీసులో రిజిస్టరైందో. ఈ మూడూ ఒక కాగితం మీద రాసి నీ చెల్లెలింట్లోనో, వేరే ఊళ్లోనో ఉంచు. ఇల్లు బ్యాంకు తనఖాలో లేకపోతే అసలు కాగితం నీ దగ్గరే ఉంటుంది కాబట్టి దాన్ని పై అరలోకి మార్చు, తాళం వెయ్యకు. ఆధార్, డ్రైవింగ్ లైసెన్సు లాంటివి ప్రభుత్వ యాప్ డిజిలాకర్‌లో దొరుకుతాయి.

తడిసిన కాగితాల్ని ఎండలో పడేసి, ఇస్త్రీ పెట్టేవాళ్లని చూశాను. పొరలు ఊడిపోతాయి. నీడలో, ఫ్యాను కింద, మధ్య మధ్య పాత పేపర్లు వేసి, ఆ పేపర్లు మారుస్తూ ఆరబెట్టాలి. పెళ్లి ఫోటోలు ఒకదానికొకటి అంటుకుని ఉంటే ఆరకముందే మంచి నీళ్లలో వేసి నెమ్మదిగా విడదీయాలి. ఆరాయా, ఇక రావు.

గ్రౌండ్‌ఫ్లోర్_గోపి
మామయ్యగారూ, ఇస్త్రీ పెట్టింది నేనే.

డిజిలాకర్ మాట మంచిదే గానీ నా ఫోను నీళ్లలో పడింది. ఓటీపీ రావాలంటే సిమ్ కావాలి, కొత్త సిమ్‌కి ఆధార్ కావాలి. మూడు రోజులు ఆ గిరగిర. పై వాటా వాళ్ల ఫోన్ ఇస్తే మా అన్నయ్య నంబరు గుర్తు రాలేదు, నాకు గుర్తున్న నంబరు 2006లో నేను వాడిన నా సొంత నంబరు. ఇప్పుడు నాలుగు నంబర్లు, 112, జిల్లా కంట్రోల్ రూం 1077, బాల్‌పెన్నుతో రాసి ప్లాస్టిక్ కవర్లో పెట్టా. జెల్ పెన్నుతో రాస్తే చెరిగిపోతుంది.

తర్వాత ప్రభుత్వం గ్రౌండ్ ఫ్లోర్‌కి 25 వేలు, పై వాటాలకి 10 వేలు ఇచ్చింది. బండ్ల ఇన్సూరెన్సు వేరే. అప్పుడు ఆర్సీ, పాలసీ నంబరు లేక చాలామంది అవస్థ పడ్డారు. ఇల్లు మామూలుగా ఉన్నప్పుడే గదిగదీ ఒక వీడియో తీసి ఎవరికైనా పంపి ఉంచండి.

ఎంవీపీ_శ్రీను
హుద్‌హుద్ తుఫానప్పుడు (2014 అక్టోబరు 12) వైజాగ్‌లో రోజుల తరబడి కరెంటు లేదు, ఏటీఎం లేదు, కార్డు లేదు. జేబులో అన్నీ 500 నోట్లు. పాల ప్యాకెట్టు వాడు చిల్లర లేదు పోవయ్యా అన్నాడు. పదులూ యాభైలూ వందలూ పెట్టుకోండి. ఇప్పుడు ఫోన్‌పే ఉందిగా అనేవాళ్లకి: టవరు పడితే అదీ పడుతుంది.

శాన్‌హోసే_కిరణ్
ఇక్కడ కాలిఫోర్నియాలో కార్చిచ్చులు. 2020 ఆగస్టులో పిడుగులు పడి కొండలంటుకున్నప్పుడు మా ఏరియాకి ముందు హెచ్చరిక, తర్వాత ఆదేశం అని రెండు దశల్లో మెసేజ్‌లు వచ్చాయి. నేను పాస్‌పోర్టులు, ఐ-797 (వీసా అనుమతి) కాగితాలు, హార్డ్‌డిస్కు అన్నీ పద్ధతిగా కార్లో పెట్టాను. తీరా చూస్తే కరెంటు పోయింది, గ్యారేజీ తలుపు తెరుచుకోలేదు. పైన ఎర్ర తాడు లాగితే చేత్తో ఎత్తొచ్చని పక్కింటి ముసలాయన వచ్చి చెప్పారు. ఆ ఇంట్లో నాలుగేళ్లుగా ఉంటూ ఆ తాడు ఎందుకో ఎప్పుడూ అనుకోలేదు. సంచి సరే, బయటికెళ్లే దారి కూడా ఒకసారి చూసుకోండి.

దివిసీమ_మనవరాలు
మా అమ్మమ్మది నాగాయలంక వైపు. 1977 నవంబరు 19 ఉప్పెనకి ఆవిడకి ఇరవై రెండేళ్లు. ఏం తెచ్చుకున్నావే అంటే నవ్వేది. గాలికి ఇంటి కప్పు లేచిపోయాక మా పెద్దమామయ్యని చీరకొంగుతో ఒంటికి కట్టుకుని తాడిచెట్టు పట్టుకుందట. వాళ్ల అత్తగారు ఇత్తడి బిందె వదల్లేదు. చంకలో బిందె ఉన్నంతసేపూ ఒక్క చేత్తోనే చెట్టు పట్టుకుంది. ఆ తర్వాతది అమ్మమ్మ ఎప్పుడూ పూర్తిగా చెప్పలేదు.

కానీ చివరిదాకా వాళ్లింట్లో తలుపు వెనక మేకుకి ఒక గుడ్డసంచి ఉండేది. అటుకులు, బెల్లం, అగ్గిపెట్టె, ఒక పాత చీర. దానికి పొడుగ్గా రెండు తాళ్లు కుట్టింది, నడుముకి కట్టుకోవడానికి. భుజానికి తగిలించేదైతే జారుతుంది, చేత్తో పట్టుకోవాల్సొస్తుంది అనేది.

వేపగుంట_సుజాత
మీరు రాసింది మావారికి చదివి వినిపించాను. ఏం మాట్లాడలేదు.

గ్రౌండ్‌ఫ్లోర్_గోపి
రెండు వారాల తర్వాత వచ్చా. పాప పాత స్కూలు బ్యాగు తీసుకున్నాం, వీపుకి ఉంటుంది, నడుము దగ్గర బకిల్ కూడా ఉంది. అమ్మ మాత్రలు, ఖాళీ స్ట్రిప్పులు, టార్చి, చిల్లర, నంబర్ల కాగితం, దస్తావేజు రెండు కవర్లలో. గుమ్మం పక్కన గొడుగు మేకుకే తగిలించాం. వెళ్లేముందు మెయిన్ కట్టేయాలి, గ్యాసు రెగ్యులేటరు తీయాలి అని మా ఆవిడ స్విచ్‌బోర్డు మీద చీటీ అంటించింది. పోయినసారి మా వీధిలో గ్యాసు బండలు తేలుకుంటూ పోయాయి.

నిన్న బరువు చూద్దామని ఎత్తితే ఏదో ఎక్కువనిపించింది. తీసి చూస్తే అమ్మ మాగాయ సీసా పెట్టింది. పోయినసారి పది రోజులు పొట్లాల అన్నం చప్పగా తిన్నానురా, ఇది తియ్యనివ్వను అంటోంది.

దస్తావేజు_మామయ్య
సీసా మూత బిగించి, విడిగా కవర్లో కట్టారా? నూనె కారిందంటే నీ దస్తావేజుకి బుడమేరుతో పనిలేదు.