పెంగ్విన్ల డాక్యుమెంటరీలో మాట వినపడటం లేదు, ఏ సెట్టింగ్ మార్చాలి?

మాది అమలాపురం దగ్గర పల్లెటూరు. మూడు రోజులుగా రాత్రి ఎనిమిదిన్నరకి నానమ్మతో కలిసి స్మార్ట్ టీవీలో ఎంపరర్ పెంగ్విన్ల డాక్యుమెంటరీ చూస్తున్నాం. అంటార్కిటికా గాలి హోరు, సంగీతం ఇల్లంతా మోగుతున్నాయి. తెలుగు వ్యాఖ్యానం మాత్రం గొణిగినట్టు ఉంటోంది. మగపక్షి రెండు నెలలకు పైగా తిండి లేకుండా గుడ్డును పాదాల మీద పెట్టుకుని కాచే ఘట్టంలో ఒక్క ముక్క అర్థం కాలేదు. నానమ్మ కూర్చునేదే ఆ తండ్రి పక్షి కోసం!

వాల్యూమ్ 18 నుంచి 40కి పెంచితే హోరే పెరిగింది. సౌండ్ మోడ్ సినిమా నుంచి స్టాండర్డ్‌కి మార్చాను, సరౌండ్ ఆపేశాను, టీవీ ఆపి మళ్లీ వేశాను. తేడా లేదు. వార్తలు, సీరియళ్లు బాగానే వినపడుతున్నాయి. విడిగా స్పీకర్లు లేవు. ఈ డాక్యుమెంటరీ ఆడియో దగ్గర మాత్రం 5.1 (ఆరు స్పీకర్ల సరౌండ్ సౌండ్) అని చూపిస్తోంది.

మాట పైకి, హోరు కిందికి రావాలంటే ఏ సెట్టింగ్ మార్చాలండీ?