సిఫిలిస్ పరీక్ష చేయించుకుంటే పేరు పైకి పోతుందా?

కావలి అన్న:
మా చెల్లెలికి ఐదో నెల. ఇక్కడ చెకప్‌కి పోతే హెచ్‌ఐవీతో పాటు సిఫిలిస్ (సుఖవ్యాధి) పరీక్ష కూడా రాశారు. పాజిటివ్ వస్తే పేరు నెల్లూరు దాకా పోతుందేమో, ఊళ్లో తెలిసిపోతుందేమో అని ఒకటే టెన్షన్ పడుతోంది. తెలిసినవాళ్లు చెప్పండి.

ఒంగోలు ల్యాబ్ అక్క:
ఇది గర్భిణులందరికీ రాసేదే తమ్ముడూ, అనుమానంతో కాదు. గర్భిణుల్లో హెచ్‌ఐవీ ఎంత ఉందో చూసే సెంటినెల్ సర్వేలో శాంపిల్ మీద కోడ్ నంబరే ఉంటుంది, పేరుండదు. ఒకరి హెచ్‌ఐవీ సంగతి వాళ్ల అనుమతి లేకుండా బయటపెట్టకూడదని 2017 చట్టం ఉంది. పరీక్ష మాత్రం మానొద్దు, సిఫిలిస్‌ని వదిలేస్తే బిడ్డ కడుపులోనే పోవచ్చు, పెన్సిలిన్ ఇంజెక్షన్‌తో నయమయ్యే జబ్బది. పాజిటివ్ వస్తే బావగారికీ పరీక్ష, మందు తప్పనిసరి.

సింగరాయకొండ:
అక్క చెప్పింది కరెక్ట్. సుఖవ్యాధులు చూసే ప్రభుత్వ సురక్ష క్లినిక్‌లో లక్షణాన్ని బట్టి రంగు రంగుల మందుల కిట్లు ఇస్తారు, మూత్రనాళం నుంచి స్రావానికి బూడిద రంగుది, పొత్తికడుపు నొప్పికి పసుపుది. జిల్లాలో ఏ జబ్బు పెరుగుతోందో అక్కడి లెక్కల్లోనే కనపడుతుంది. సిగ్గుపడి మెడికల్ షాపులో మాత్రలు కొనుక్కునేవాళ్లు ఆ లెక్కలోకి రారు, నా బాధంతా అదే.

కావలి అన్న:
థాంక్స్ అక్కా. రేపే తీసుకెళ్తా, బావని కూడా.